మా ఇంటి సాఫ్ట్‌నర్: ఎనిమిది నెలలు, ఒక కరివేపాకు మొక్క

కంపెనీ పేరు రాయను. నాకు ఎదురైన తలనొప్పుల్లో సగం మెషీన్‌వి కావు, బిగించిన వాళ్ళవి. ఆ బిగించిన వాళ్ళు రేపు మీ ఇంటికి వేరే కంపెనీ టీషర్టు వేసుకుని రావచ్చు. పైగా బోరు నీళ్ళ కఠినత్వం తీసే ఈ రకం సాఫ్ట్‌నర్లన్నిటికీ లోపల జరిగే పని ఒక్కటే. దాని గురించి చెబితేనే మీకు ఉపయోగం.

మాది నిజాంపేటలో సొంత ఇల్లు. నల్లా నీళ్ళు వంటకీ తాగడానికీ సరిపోతాయి, మిగతాదంతా బోరు. బోరు నీళ్ళ సంగతి ఆ వైపు ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. కుళాయి మూతుల చుట్టూ తెల్లటి పక్కు, షవర్ రంధ్రాలని పిన్నీసుతో పొడుచుకోవడం, స్టీలు బిందె మీద ముగ్గు చారల్లాంటి మచ్చలు. గీజర్ కాయిల్ రెండేళ్ళలో రెండుసార్లు పోయింది. రెండోసారి మెకానిక్ దాన్ని బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. కాయిల్ కనపడటం లేదు, దాని మీద అంగుళం మందాన సున్నపు తొడుగు. "అక్కా, ఇది వేడిచేసేది నీళ్ళని కాదు, ఈ రాయిని" అన్నాడు. నల్లా నీళ్ళు రాని రోజున బోరు నీళ్ళతో కందిపప్పు పెడితే ఎనిమిది విజిల్స్‌కి కూడా పలుకులు పలుకులుగానే ఉండేది. అత్తయ్య కొన్నాళ్ళు కిరాణా షాపతన్ని తిట్టింది, తర్వాత కుక్కర్‌ని తిట్టింది. తప్పు నీళ్ళదని నేను చెప్పినా నమ్మలేదు.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను, పందొమ్మిదేళ్ళుగా. బోర్డు మీద "కఠిన జలం" అని రాసి, కాల్షియం, మెగ్నీషియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, అని చెప్పి, ఇంటికొచ్చి ఆ కఠిన జలంతోనే తల రుద్దుకుని జుట్టు చేతికొస్తుంటే చూస్తూ కూర్చున్నదాన్ని.

మెషీన్ కొనాలని అనుకుంటున్నామని ఎలా తెలిసిందో, మొదట వచ్చినవాడు సాఫ్ట్‌నర్ అమ్మేవాడు కాదు, తాగే నీళ్ళ మెషీన్ అమ్మే కుర్రాడు. మెడలో ఐడీ కార్డు, బ్యాగులో పాంప్లెట్లు. మా బోరు నీళ్ళు ఒక గాజు గ్లాసులో, తను సీసాలో తెచ్చిన నీళ్ళు ఇంకో గ్లాసులో పోశాడు. నాలుగు ఇనప కడ్డీలున్న చిన్న నల్లటి డబ్బా తీసి ప్లగ్గులో పెట్టి, కడ్డీలు రెండు గ్లాసుల్లోనూ ముంచాడు. అరనిమిషంలో మా బోరు నీళ్ళు ఆకుపచ్చగా, తర్వాత బురదలా మారి, అడుగున తరకలు తేలడం మొదలైంది. అతని గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. "చూశారా మేడమ్, మీరు రోజూ ఒంటికి పోసుకునేది ఇది" అన్నాడు. అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను ఆ గ్లాసులు కడిగి తెచ్చాను. "బాబూ, ఇంకోసారి చేద్దామా, ఈసారి రెండిట్లోనూ నీ నీళ్ళే పోద్దాం" అన్నాను. ఒక గ్లాసులో మాత్రం వంటింట్లో డబ్బాలోంచి చిటికెడు ఉప్పు వేశాను. కడ్డీలు ముంచాడు. పావు నిమిషం పట్టలేదు, ఉప్పు వేసిన గ్లాసు మా బోరు నీళ్ళకన్నా అసహ్యంగా తయారైంది. ఉప్పులో ఆ బురద ఎక్కడిది? అది కడ్డీది. కరెంటు పారితే ఇనుము ఎలక్ట్రాన్లు వదిలేసి అయానుగా మారి నీళ్ళలోకి దిగుతుంది. అక్కడ తుప్పు రంగు ముద్దగా మారి కనపడుతుంది. నీళ్ళలో కరెంటు పారాలంటే అయాన్లు ఉండాలి. అతని సీసాలోవి ఆర్వో నీళ్ళు. వాటిలో అయాన్లు దాదాపు తీసేసి ఉంటాయి కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు, నీళ్ళు స్వచ్ఛంగా కనపడతాయి. ఈ తమాషా చూసి మెషీన్ కొన్నవాళ్ళు మా వీధిలోనే ముగ్గురున్నారు.

కుర్రాడి మొహం చూసి జాలేసింది. "మాకు ట్రైనింగ్‌లో ఇలాగే చెప్పారు మేడమ్" అన్నాడు. టీ ఇచ్చి పంపాం. వెళ్తూ పాంప్లెట్ ఇచ్చి వెళ్ళాడు. దాని మీద పెద్ద అక్షరాలతో "అయనైజ్డ్ వాటర్, ఆరోగ్యానికి కవచం". నా ఒళ్ళు మండింది అక్కడే. ఈ రోజుల్లో అయాను అన్న మాటని హెయిర్ డ్రయ్యర్ల మీదా, చేతి పట్టీల మీదా, నీళ్ళ సీసాల మీదా తాయెత్తు కట్టినట్టు కడుతున్నారు. నీళ్ళలో అయాన్లుండటం విశేషమేం కాదు. మీ ఇంటి వెనక కాలవలో కూడా పుష్కలంగా ఉన్నాయి. ఏ అయాను, ఎంత అన్నదే అడగాల్సిన ప్రశ్న.

పిల్లలకి నేను చెప్పే తీరు ఇది. సోడియం పరమాణువులో 11 ప్రోటాన్లు, 11 ఎలక్ట్రాన్లు. లెక్క సరి, ఆవేశం సున్నా. ఒక ఎలక్ట్రాన్ జారిపోతే మిగిలేవి 10. ఒక ధనావేశం ఎక్కువైంది. అప్పుడు సోడియం "నేను అయాను" అందట. ఈ జోకుకి ప్రతి బ్యాచ్‌లోనూ వెనక బెంచీ వాళ్ళు మూలుగుతారు, కానీ పరీక్షలో ఎవరూ మర్చిపోరు. నిజానికి ఆ మాట గ్రీకుది, "వెళ్ళేది" అని అర్థం. ఫారడే అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ద్రావణాల్లోంచి కరెంటు పంపుతూ, ఒక కొస వైపూ రెండో కొస వైపూ నడిచిపోయేవాటికి పేరు కావాలని కేంబ్రిడ్జిలో ఉన్న విలియం హ్యూయెల్ అనే పండితుణ్ణి అడిగాడు. 1834లో ఆ పేరు పెట్టుకున్నారు. ఎలక్ట్రాన్ అనేదొకటి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. పేరు ముందొచ్చింది, అసలు సంగతి తర్వాత తెలిసింది.

ఒక్క ఎలక్ట్రాన్ తేడాతో ఎంత మారిపోతుందో చూడండి. లోహపు సోడియం ముక్కని ల్యాబ్‌లో కిరోసిన్‌లో దాస్తాం, నీటి చుక్క తగిలితే భగ్గుమంటుందని. అదే సోడియం అయానుగా మారాక బుద్ధిగా ఆవకాయ జాడీలో కూర్చుంటుంది.

సాఫ్ట్‌నర్ చేసేదల్లా ఈ సోడియం అయాన్లని ఇచ్చి కాల్షియం, మెగ్నీషియం అయాన్లని పుచ్చుకోవడం. మార్పిడి బేరం, పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చినట్టు. మాది 25 లీటర్ల రెజిన్ ఉన్న ఆటోమేటిక్ మోడల్. నిలువెత్తు ఫైబర్ సిలిండర్, పైన టైమర్ ఉన్న వాల్వ్, పక్కన ఉప్పు నీళ్ళ టబ్బు. రెజిన్ అంటే సన్న ప్లాస్టిక్ గుళికలు. బిగించేటప్పుడు కాసిని అరచేతిలో పోయించుకుని చూశాను. గసగసాలంత సైజు, తేనె రంగు, తడిగా జారిపోతున్నాయి. ఆ గుళికల ఒంటినిండా రుణావేశం ఉన్న చోట్లు ఉంటాయి, ఒక్కోచోట ఒక్కో సోడియం. కాల్షియానికి రెండు ఆవేశాలు, అందుకని దాన్ని గుళిక గట్టిగా పట్టుకుంటుంది. ఆర్టీసీ బస్సులో భారీ మనిషి ఎక్కితే ఇద్దరు బక్కవాళ్ళు లేచి సీటిచ్చినట్టు, ఒక కాల్షియం కూర్చుంటే రెండు సోడియంలు దిగిపోతాయి. సీట్లన్నీ నిండాక చిక్కటి ఉప్పు నీళ్ళు పంపాలి. సోడియంల గుంపు తోసుకొచ్చి కాల్షియాన్ని కిందికి దించేస్తుంది. దాన్నే రీజనరేషన్ అంటారు. తేలిగ్గా ఉన్నా ఎంత తెలివైన ఏర్పాటో! ఏళ్ళ తరబడి సిలబస్‌లో చెప్పాను గానీ, మా మేడ మీద రాత్రి రెండింటికి ఆ వాల్వ్ గరగరమంటుంటే విన్నప్పుడు కలిగిన సంతోషం వేరు.

బిగించిన రోజే మొదటి గొడవ. టెక్నీషియన్ టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగినవన్నీ కలిపి ఎంతో చెప్పేది) తీసి బోరు నీళ్ళలో పెడితే 1040 చూపించింది. సాఫ్ట్‌నర్ నీళ్ళలో 1010. మావారు ముప్ఫై ఎనిమిది వేలు ఖర్చుపెట్టి ముప్ఫై పాయింట్లా అని నా వైపు చూశారు. టెక్నీషియన్ కూడా ఏం చెప్పాలో తెలియక "రెండ్రోజులు వాడితే తగ్గుతుంది సార్" అన్నాడు. తగ్గదు. రెండేళ్ళు వాడినా తగ్గదు. ఈ మెషీన్ అయాన్లని తీసేయదు, మార్చుతుంది. 40 బరువున్న ఒక కాల్షియం పోయి 23 చొప్పున రెండు సోడియంలు వస్తాయి, అంటే 46. బరువు లెక్కన నిజానికి కొంచెం పెరగాలి. మరి మీటర్ తగ్గించి ఎందుకు చూపించింది? అది తూకం వేయదు, నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి అంచనా కడుతుంది. ఆవేశానికి ఆవేశం సరిచూస్తే సోడియం కరెంటు మోయడంలో కాల్షియం కన్నా కాస్త వెనకబడుతుంది. ఆ ముప్ఫై పాయింట్ల కథ అంతే. సాఫ్ట్‌నర్ కొని టీడీఎస్ మీటర్‌తో చూడటమంటే జ్వరాన్ని టేపుతో కొలవడమే.

కొలవాల్సింది హార్డ్‌నెస్, అంటే కాల్షియం, మెగ్నీషియంల వల్ల వచ్చే కఠినత్వం. దానికి చుక్కల కిట్ దొరుకుతుంది. చిన్న గొట్టంలో నీళ్ళు పోసి, బఫర్ వేసి, సూచిక పొడి వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. తర్వాత కాల్షియం, మెగ్నీషియంలని పట్టేసుకునే ఈడీటీఏ అనే రసాయన ద్రావణం ఒక్కో చుక్క వేస్తూ కలపాలి. రంగు నీలంగా మారిన చుక్క దగ్గర ఆపి లెక్కపెట్టాలి. మా కిట్‌లో ఒక్కో చుక్క అంటే లీటరుకి 25 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్. బోరు నీళ్ళకి 25 చుక్కలు పట్టాయి, అంటే లీటరుకి 625. తాగే నీటికి మన భారతీయ ప్రమాణం చెప్పే మేలైన హద్దు 200, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. సాఫ్ట్‌నర్ నీళ్ళకి సూచిక వేయగానే నీలం, ఒక్క చుక్క కూడా పట్టలేదు. మా అమ్మాయి, టెన్త్ చదువుతోంది, "అమ్మా, ఇంకోసారి" అని నాలుగుసార్లు చేయించింది. మావారు మీటర్ గొడవ అక్కడితో ఆపేశారు.

వాడకం సంగతి. మొదటి వారం ఇంట్లో అందరూ ఫిర్యాదే. మావయ్య స్నానానికి వెళ్ళి అరగంటైనా రారు. "సబ్బు పోవట్లేదమ్మా, ఒళ్ళంతా జారుతోంది" అని మగ్గు మీద మగ్గు. సబ్బు పోతుంది. ఇన్నాళ్ళూ కాల్షియంతో కలిసి ఒంటి మీద జిడ్డు పొరలా అంటుకున్న సబ్బుకి అలవాటుపడి, ఆ గరుకుతనాన్నే శుభ్రం అనుకున్నాం. సబ్బు సగం వాడండి అంటే వినడానికి పదిరోజులు పట్టింది. బట్టల పౌడర్ మూడో వంతు తగ్గించాను, తువ్వాళ్ళు మెత్తబడ్డాయి. జుట్టు రాలడం ఆగిందా అని అందరూ అడుగుతారు. నాది ఆగలేదు, నా వయసు నలభై ఆరు. కానీ పీచులా ఉండటం తగ్గింది. గీజర్‌కి ఈ ఎనిమిది నెలల్లో మెకానిక్ రాలేదు. టైల్స్ మీద పాత తెల్ల మచ్చలు మాత్రం వాటంతటవే పోవు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో రుద్దుకోవాల్సిందే.

పప్పు? మూడు విజిల్స్. అత్తయ్య ఇప్పటికీ అది కొత్త కుక్కర్ గొప్పతనమేనంటుంది.

ఇక కరివేపాకు మొక్క. రీజనరేషన్ అయ్యాక ఉప్పు, కాల్షియం, మెగ్నీషియం కలిసిన నీళ్ళు ఓ గొట్టంలోంచి బయటికి పోతాయి. ఆ గొట్టాన్ని డ్రైనేజీలో కలపాలి. మాకు బిగించిన అబ్బాయి, దగ్గరగా ఉందని, పెరట్లో మొక్కల పాదులోకి వదిలేసి పోయాడు. నేను కాలేజీలో ఉన్నాను, చూసుకోలేదు. మూడు వారాలకి ఆకుల కొనలు మాడాయి. నీళ్ళు తక్కువయ్యాయేమో అని అత్తయ్య ఇంకో రెండు బకెట్లు పోసింది, అవి కూడా సాఫ్ట్‌నర్ నీళ్ళే. ఆరో వారానికి మొక్క పోయింది. పదకొండేళ్ళ మొక్క. వీధిలో సగం మంది పోపుకి మా ఆకే. సోడియం ఎక్కువైతే నేల బిగుసుకుపోతుంది, వేరుకి నీరందదు. ఇది నాకు తెలిసిన విషయమే, అందుకే ఎక్కువ బాధ. కంపెనీకి ఫోన్ చేస్తే "వారంటీలో మొక్కలు రావు మేడమ్" అన్నారు, నవ్వుతూ. గొట్టం మార్చడానికి మనిషిని పంపేసరికి పదకొండు రోజులైంది. ఈలోపు మా ప్లంబర్ మార్చేశాడు, మూడు వందలు తీసుకుని. ఇప్పుడు మొక్కలకి బోరు నీళ్ళు నేరుగా పోయేలా వేరే లైన్ వేయించాం.

రెండో లోపం టైమర్. మా మోడల్‌కి బ్యాటరీ లేదు. వర్షాకాలంలో ఓ రాత్రి ఆరు గంటలు కరెంటు పోయింది, ఆ గడియారం ఆరు గంటలు వెనకబడింది. రాత్రి రెండింటికి జరగాల్సిన రీజనరేషన్ పొద్దున ఎనిమిదింటికి మొదలైంది. అది నడుస్తున్నంతసేపూ ఇంట్లోకి బోరు నీళ్ళే నేరుగా వస్తాయి. నురగ రాక మా అమ్మాయి బాత్రూమ్‌లోంచి అరుపు. కొనేటప్పుడు బ్యాటరీ బ్యాకప్ ఉందో లేదో అడగండి. నీళ్ళ వాడకం లెక్కపెట్టి దాన్ని బట్టి నడిచే వాల్వులు వస్తున్నాయి, ధర ఎక్కువ. ఇప్పుడైతే నేను అదే తీసుకుంటాను.

ఖర్చు చెబుతాను. మా 625 హార్డ్‌నెస్‌కి రెండు వేల లీటర్లకోసారి రీజనరేషన్. ఐదుగురం, రెండు రోజులకి ఒకసారి. ఒక్కోసారికి మూడున్నర కిలోల ఉప్పు. నెలకి ఒక యాభై కిలోల బస్తా ఖాళీ. కంపెనీవాళ్ళు తమ బిళ్ళల ఉప్పే వాడాలన్నారు. బిల్లు చూసి నేను మామూలు కల్లుప్పుకి మారాను. బస్తా నాలుగు వందల యాభై. మట్టీ ఇసుకా ఉంటే వాల్వ్‌లో సన్న రంధ్రం మూసుకుపోతుంది, అందుకని తెల్లగా ఉన్నది చూసి కొంటాను, నెలకోసారి టబ్బు కడుగుతాను. ఆ టబ్బు కడిగే పని మావారిదని కొన్నప్పుడు ఒప్పందం. రెండు నెలలు సాగింది.

ఎవరు కొనకూడదో చెప్పాలి. సాఫ్ట్‌నర్ నీళ్ళు నేరుగా తాగుదామనుకునేవాళ్ళు కొనకండి. మా నీళ్ళ లెక్కే చూడండి. 625 హార్డ్‌నెస్ మొత్తం మారితే లీటరుకి 280 మిల్లీగ్రాముల పైచిలుకు సోడియం కొత్తగా చేరుతుంది. రోజుకి మూడు లీటర్లు తాగితే ఎనిమిది వందల అరవై. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 2000 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చడి, అప్పడం మానని మా మావయ్య లాంటి బీపీ మనిషికి ఆ నీళ్ళు వద్దు. నల్లా రాని రోజున మేం సాఫ్ట్‌నర్ నీళ్ళని ఆర్వోలోంచి పంపి తాగుతాం. ఆర్వో సోడియాన్ని కూడా చాలావరకు ఆపేస్తుంది, పైగా దాని మెంబ్రేన్‌కి సున్నం పట్టే బాధ తప్పింది.

నల్లగొండ వైపు వాళ్ళూ, పొదిలి, దర్శి, కనిగిరి వైపు వాళ్ళూ ఇది తప్పక గుర్తుపెట్టుకోండి. మీ బాధ ఫ్లోరైడ్ అయితే ఈ మెషీన్ దాన్ని ముట్టుకోదు. ఫ్లోరైడ్ రుణావేశం ఉన్న అయాను, ఈ గుళికలూ రుణావేశంవే. దాన్ని దగ్గరికి కూడా రానివ్వవు, నీళ్ళతోపాటే వదిలేస్తాయి. "మా మెషీన్‌లో ఫ్లోరైడ్ కూడా పోతుంది" అని మా చెల్లెలికి కనిగిరిలో ఒకతను చెప్పాడు. ఏ రెజిన్ వాడారని అడగమన్నాను. "మంచి రెజిన్" అన్నాడట. ఆమె కొనలేదు.

రేటింగ్ అంటే మెషీన్‌కి ఐదుకి నాలుగు, టైమర్ వల్ల ఒకటి తగ్గించాను. సర్వీసుకి ఒకటి. వచ్చే నెల ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) కట్టమని రోజూ ఫోన్లు, ఇప్పుడు మాత్రం తొందర తొందరగా చేస్తున్నారు. కట్టను. ఆ డబ్బుతో చుక్కల కిట్‌కి రీఫిల్ తెప్పించాను, ఆదివారం ఆదివారం మా అమ్మాయే చూస్తోంది. మొన్న ఒక చుక్క పట్టింది, టబ్బులో ఉప్పు అడుగంటింది. కరివేపాకు మొక్క కొత్తది పక్కింటావిడ పిలకతో సహా ఇచ్చింది. ఈసారి మేడ మీద కుండీలో పెట్టాం, గొట్టానికి దూరంగా.